త్రివేణి రుచి చూసిందట

యాడికి
8 జులై 2024

చెల్లెలు నారాయణమ్మకు,

మనవరాలు త్రివేణి బెంగళూరు ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిందని నీ కొడుకు ఓబిలేషు ఫోన్ చేసి చెప్పాడట. చెప్పాడని మీ వదిన నల్లమ్మ చెప్పింది. నాకు ఫోన్‌లో వినబడేది ఒక్కటే, రేకుల షెడ్డు మీద వాన పడిన చప్పుడు. ఈ ఏడు నిజం వాన ఆ మాత్రం కూడా పడలేదు కాబట్టి అప్పుడప్పుడు ఊరికే చెవి దగ్గర పెట్టుకుని వింటుంటాను. ఎదురుగా ఉన్నవాళ్ల మాట పెదవులు చూసి పట్టుకుంటాను, దూరంలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే మాత్రం కాగితమే దిక్కు. మా పోస్టమ్మ ఎలిజబెత్ కవరు చూసి, "ఏం తాతా, చేతిరాత కవరు పట్టుకోని ఎన్నాళ్లాయనో! ఆధార్ కార్డులు మోసి మోసి విసుగొచ్చింది, నువ్వు రాస్తాండు" అంది. కాబట్టి ఈ ఉత్తరాల వల్ల ఒకరికైనా సంతోషం ఉంది.

ఈత కొలను సంగతి నాకు ఇంకా మింగుడు పడటం లేదు. నీకు గుర్తుందా, మనిద్దరం పెద్దప్ప బావిలో ఈత నేర్చుకున్నాం. ఆయనే నడుముకు ఎండు సొరకాయ కట్టి పైనుంచి తోసేవాడు. నువ్వు మునగలేదు, సొరకాయ పగిలింది. ఆ బావి అడుగున ఇప్పుడు తుమ్మచెట్టు మొలిచింది, మేకలు దిగి మేస్తున్నాయి. బోరు ఎంత లోతుకు దించినా దుమ్ము తప్ప రాని నేల ఇది. ఇటువంటి నేల మీద, రోడ్డు పక్కన ఎవడో గుంత తవ్వించి, నీలం పలకలు పరిచి, ట్యాంకర్లతో నీళ్లు నింపి, రిసార్టు అని బోర్డు పెట్టాడు. నీ కోడలు జయంతి తన షాపులో పనిచేసే ఆమె కూతురి పుట్టినరోజుకని పిల్లను తీసుకుని అక్కడికే పోవాలా! పదిమంది పిల్లలు ఆడుతుంటే మన పాప ఒక్కతే మునిగిందట. ఐస్‌క్రీమ్ తెచ్చిన మనిషి చూసే దాకా ఎవరికీ తెలియదట. ఓబిలేషు లారీ తోలుకుంటూ ఇటు వచ్చినప్పుడు ఎంత లోతురా అని అడిగాను. "నడుముల్లోతే మామా" అన్నాడు. నడుముల్లోతు! మన కాలంలో ఆ లోతును నీళ్లనే అనేవాళ్లం కాము.

సరే, ప్రాణంతో వచ్చింది, అది చాలు. ఇప్పుడు పాప ఏం తింటోంది? రాగిసంకటి పెడుతున్నారా? తోటలో చీనీ కాయలు నిండు మీద ఉన్నాయి. కోస్తావాళ్లు బత్తాయి అంటుంటే అదేదో వేరే జాతి పండేమో అనుకునేవాడిని, మనదేనట. తొలికోత త్రివేణికే. బస్సు చూసుకుని నేనూ మీ వదినా ఒకసారి వచ్చి చూసిపోతాం.

కళ్లు పనిచేస్తూ చెవులు మానేసిన
అన్న కుళ్ళాయప్ప

*

అనంతపురం
17 జులై 2024

అన్నకు నారాయణమ్మ మొక్కి రాసేది.

రావద్దు. తప్పుగా అనుకోవద్దు, డాక్టరమ్మ చెప్పింది. పాప ఊపిరితిత్తులు ఇంకా పచ్చిగా ఉన్నాయట. చుట్టాలు వచ్చిపోతే జబ్బు అంటుకుంటుందట. పక్కింటివాళ్లను కూడా వాకిట్లోంచే పంపిస్తున్నాం.

ఏం తింటోంది అని అడిగావు. తినదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి పంపారు. పలచని జావ, పాలు, అందులోంచే పోస్తాం. పోసేముందు తల ఎత్తుగా పెట్టాలి. పోశాక కూడా వెంటనే పడుకోబెట్టకూడదు. గొంతులో చేరిన కఫం, అదే గళ్ల, లాగే మిషన్ ఒకటి మంచం పక్కనే ఉంటుంది. ఫిట్స్ రాకుండా మందు నూరి గొట్టంలో కలుపుతాం. ఒక పక్కకు ఎక్కువసేపు పడుకుంటే ఒళ్లు పుండు పడుతుందని మళ్లీ మళ్లీ తిప్పుతుంటాం. నెలకొకసారి బెంగళూరు తీసుకుపోయి చూపించాలి. నీళ్లలో ఉన్న కాసేపట్లో తలకు గాలి అందలేదట, దానివల్లే ఇదంతా. కళ్లు తెరిచే ఉంటుంది అన్నా. చూస్తోందా అంటే చెప్పలేను.

వచ్చేముందు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆమెది కన్నడం కలిసిన తెలుగు. "అవ్వా, గొంతులో రెండు దార్లు ఉండాయి. ఒకటి అన్నానికి, ఒకటి గాలికి. నీకూ నాకూ నీళ్లు తప్పు దారి పడితే పొలమారతాది, దగ్గొస్తాది. ఈ పాపకు ఆ దగ్గు పోయింది. లోపలికి పోయినా మనకు తెలీదు. నీళ్లు గూడా వద్దు. చుక్క గూడా వద్దు. మింగే పరీక్ష నేను చేసి, సరే అన్నంక చూద్దాం" అంది.

జయంతి పొద్దున ఒకపూట షాపుకు పోతుంది. ఉన్నంతసేపు నన్ను కూడా నమ్మదు. నేను పాప మొహం తుడవడానికి తడిగుడ్డ తెస్తే, పిండి పిండి చూస్తుంది. ఆ రోజు కేకు ముక్క చేతిలో పట్టుకుని నవ్వుతూ మాట్లాడుతున్నానత్తా అని ఒకసారి చెప్పింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నవ్వడమూ లేదు. ఓబిలేషు లారీ ఎక్కి పోయాడు. ఇంట్లో ఉంటే గోడలు చూస్తూ కూర్చుంటాడు, పోవడమే మేలు.

వదిన మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? చక్కెర మందు వేళకు వేసుకుంటోందా?

నారాయణమ్మ

*

యాడికి
27 జులై 2024

నారాయణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గొట్టాల సంగతి మీ వదినకు చదివి వినిపిస్తే చెంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టర్ల మీద నాకు కోపం లేదు. కానీ వాళ్లు చదివిన పుస్తకాల్లో మనలాంటివాళ్లు ఉండరని నా అనుమానం. నాకు చిన్నప్పుడు విషజ్వరం వచ్చింది, నువ్వు అప్పటికి పుట్టలేదు. కాంపౌండరు సోమప్ప ఎద్దుల బండిలో వచ్చి, పిల్లోడికి బార్లీ నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదు, ఇస్తే పేగు తెగిపోతుంది అని బల్ల గుద్ది చెప్పాడు. బల్ల మాది. అది ఆ దెబ్బకు ఊగిన ఊగుడు మళ్లీ నిలవలేదు. మన అమ్మ తల ఊపింది, ఆయన బండి మలుపు తిరగగానే పెరుగన్నం మెత్తగా పిసికి నా నోట్లో పెట్టింది. నా పేగు ఇంకా ఉంది. సోమప్ప పోయి చాలా ఏళ్లయింది. ఇదంతా నిన్ను డాక్టరమ్మ మాట దాటమని కాదు. ఊరికే గుర్తొచ్చి రాశాను. ముసలివాడికి గుర్తొచ్చినదానికల్లా కారణం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ వదిన మొక్కుకుంది. త్రివేణి మన తోట చీనీ పండు రుచి చూసేదాకా ఒకపొద్దు ఉంటానని దేవుడి పటం ముందు చెప్పేసింది. రోజుకు ఒక్కపూటే తిండి. చక్కెర జబ్బు పెట్టుకుని ఇదేం మొక్కే అంటే, "నోరు కట్టేసుకోని పండుకున్న బిడ్డ కోసరం నేను ఒగ పూట కట్టేసుకుంటే ఏమైతాది?" అంది. ఏమవుతుందో మొన్న తెలిసింది. పొయ్యి దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. చక్కెర నీళ్లు తాగించి లేపాను. ఆసుపత్రిలో చూపిస్తే, పొద్దూ మాపూ తినకపోతే ఇంకోసారి లేవదు అన్నారు. మీ వదిన వాళ్ల ముందు బుద్ధిగా తల ఊపింది, ఇంటికొచ్చి రాత్రి గిన్నె బోర్లించింది. మొక్కు తీర్చుకోకుండా తింటే పాపకే కీడట. ఆమెతో వాదించడానికి చెవిటివాణ్ణి నేనే సరిపోను, మాటలు వినబడేవాళ్లు అసలు సరిపోరు.

ముందుగా పండిన కాయలు కొన్ని సంచిలో పెట్టి తాడిపత్రి మీదుగా వచ్చే బస్సులో పంపుతున్నాను. తాగించమనను. నాలుక మీద తడి చేస్తే చాలేమో, రుచి చూసినట్టే కదా? నువ్వే ఆలోచించు. ఆలోచించి తొందరగా రాయి.

రెండు ఇళ్లలో తినని ఆడవాళ్ల మధ్య ఇరుక్కున్న
అన్న

*

అనంతపురం
9 ఆగస్టు 2024

అన్నకు,

కాయలు అందాయి. పాప రుచి చూసింది. పెదాలు కూడా చప్పరించింది. వదినను రెండు పూటలా అన్నం తినమను. నా మీద ఒట్టు పెట్టి చెప్పానని చెప్పు.

ఇక్కడ కరెంటు పోయినప్పుడు గళ్ల లాగే మిషన్ ఆగిపోతోంది, కాలితో తొక్కేది ఒకటి తెచ్చి పెట్టుకున్నాం. నీళ్ల ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తోంది.

ఇంక పండ్లు పంపొద్దు. ఇల్లంతా వాసన వస్తే జయంతి అడుగుతుంది.

నారాయణమ్మ

*

యాడికి
19 ఆగస్టు 2024

బంగారు తల్లి నారాయణీ,

నీ ఉత్తరం నాలుగే మాటలు, కానీ ఈ ఇంట్లో పండుగ చేసింది. మీ వదిన ఆ పూటే పొయ్యి మీద సంకటి కెలికి, పప్పు తాలింపు పెట్టి, నాకంటే ముందు తను కూర్చుని తినింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె నాకంటే ముందు తినడం నేను చూడటం ఇదే. తిని, "పెదాలు సప్పరిచ్చిందంట" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఎలిజబెత్‌కైతే రెండుసార్లు చెప్పింది. ఆమె సైకిల్ స్టాండు వేసి, శిలువ గుర్తు వేసుకుని, ఇంకో ఇంటి ఉత్తరం మాకు ఇచ్చి పోయింది.

అసలు విశేషం ఇది కాదు. ఈ మధ్యాహ్నం ఓబిలేషు లారీ మన పక్క తోటకు వచ్చింది, అనంతపురం మార్కెట్టుకు చీనీ లోడు. కాయలు ఎక్కించే లోపల వాణ్ణి ఇంటికి పిలిచి నీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు నులక మంచం మీద కూర్చుని ఉన్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఇంగోసారి సదువు మామా" అన్నాడు.

"చెవుడు నాకురా, నీకు గాదు" అన్నాను.

"ఇంగోసారి సదువు."

చదివాను. వాడు కూర్చుని, లారీ తోలే ఆ పెద్ద చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నల్లమ్మ వాడి వీపు నిమిరింది. తర్వాత తేరుకుని, "అమ్మ ఫోన్లో ఈ మాట చెప్పనే లేదు" అన్నాడు. కోడలి పక్కన నిలబడి ఎట్లా చెబుతుందిరా, తెలియకుండా ఇస్తోంది కాబోలు, నువ్వు కూడా గమ్మునుండు, మీ అమ్మను ఇరికించొద్దు అని చెప్పాను. "నేనేం జెప్పను మామా, మా అమ్మను నేను ఇరికిస్తానా?" అన్నాడు. పోతూ పోతూ క్యాబిన్‌లో మంచి పండ్లు ఏరి పెట్టుకున్నాడు. పాప మునిగిన మే నెల తర్వాత వాడు ఈలవేయడం ఈ రోజే చూశాను. వినలేదు, పెదవులు చూసి చెబుతున్నాను.

పాపకు నోరు తిరిగితే మాట కూడా తిరుగుతుంది. నువ్వు చూడు.

నీ అన్న
(కడుపు నిండా తిన్న మీ వదిన కూడా)

*

అనంతపురం, ఆసుపత్రి నుంచి
26 ఆగస్టు 2024

అన్నా,

ఈ కాగితం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి పోయి వారం కావస్తోంది. నువ్వేమైనా ఉత్తరం రాసి ఉంటే అది తలుపు కింద పడి ఉంటుంది.

త్రివేణి మళ్లీ మిషన్ మీద ఉంది. ఓబిలేషు పాపకు చీనీ రసం తాగించాడు.

నేను ట్యాంకరు దగ్గర బిందెల వరుసలో ఉన్నాను. జయంతి షాపుకు పోయింది. వీడు మార్కెట్టులో లోడు దించి ఇంటికి వచ్చి ఉన్నాడు. నేను పాప దగ్గర కూర్చుంటానులే పోమ్మా అంటే పోయాను. బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేసరికి గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మొహం అంత వెలుగ్గా ఉండటం చాలా రోజుల తర్వాత చూశాను. "అమ్మా, సగం గ్లాసు తాగింది. ఒగ దగ్గు గూడా రాలే" అన్నాడు.

దగ్గు రాలేదు అన్న మాట వినగానే డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చింది. బిందె అక్కడే వదిలేశాను. "ఎవురు జెప్పినార్రా నీకు ఇమ్మని?" అని అరిచాను. వాడు చాలాసేపు నా మొహంకల్లా చూశాడు. ఏదో అడగబోయాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, "ఎవురూ జెప్పలే" అన్నాడు.

ఆ రోజంతా పాప మామూలుగానే ఉంది. మరుసటి రోజు ఒళ్లు కాలింది. శ్వాస గుర్రుగుర్రుమంది. ఇక్కడికి తెచ్చేసరికి పెదాలు నీలంగా అయ్యాయి. రసమంతా ఊపిరితిత్తుల్లోకే పోయిందట.

జయంతి వాణ్ణి వరండాలో అందరి ముందర నిలబెట్టి అడిగింది. "ఒగసారి నీళ్లు మింగినాయి నా బిడ్డను. రెండోసారి నువ్వు. ఇంగ మా గడప తొక్కొద్దు" అంది. వాడు "నాదే తప్పు" అన్నాడు. ఇంకొక మాట లేదు. డాక్టరు తిట్టినా అంతే. నాకు కూడా కోపం ఆగలేదు, చెంప మీద కొట్టాను అన్నా. ఇంత వయసు వచ్చిన కొడుకును. పోయాడు. యాడికి పోయాడో తెలియదు, నీ ఊరు కాదు, ఎక్కడికో.

వాడికి ఆ బుద్ధి ఎక్కడిది?

నారాయణమ్మ

*

యాడికి
3 సెప్టెంబరు 2024

చెల్లెమ్మా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి కలం పట్టుకోవడం, పెట్టడం. మూడు కాగితాలు చింపాను.

తలుపు కింద నా ఉత్తరం ఉంటుంది. అది చదివితే నీకే తెలుస్తుంది. అయినా రాస్తాను. వాడికి ఆ బుద్ధి నేనే ఇచ్చాను. పాప రుచి చూసింది, పెదాలు చప్పరించింది అని నువ్వు రాసిన ఉత్తరం వాడికి రెండుసార్లు చదివి వినిపించాను. మీ అమ్మ ఇస్తోంది, గమ్మునుండు అని కూడా చెప్పాను. అందుకే వాడు ఎవరూ చెప్పలేదన్నాడు. నువ్వు ఇస్తున్నావన్న సంగతి జయంతికి తెలియకూడదని నోరు మూసుకున్నాడు. వాడి మీద చెయ్యి చేసుకున్నావు, అది మాత్రం అన్యాయం.

ఒకటి నాకు అర్థం కావడం లేదు. నువ్వు ఇచ్చినప్పుడు పాపకు ఏమీ కాలేదు కదా? అదే పండు, అదే తోట. నువ్వు ఎట్లా ఇచ్చావు, చెంచాతోనా, గుడ్డ తడిపా? వాడు గ్లాసు ఎత్తడం వల్ల ఇట్లా అయిందా? డాక్టరుకు నువ్వు ఇచ్చిన పద్ధతి చెబితే ఏదైనా తెలుస్తుందేమో. మీ వదిన కూడా ఇదే అడగమంటోంది.

పాప ఎట్లా ఉందో ఒక్క మాట రాయి. ఎలిజబెత్ రోజూ సంచి విప్పకముందే తల అడ్డంగా ఊపుతోంది.

అన్న

*

అనంతపురం
14 సెప్టెంబరు 2024

అన్నా,

పాప మిషన్ మీద నుంచి దిగింది. బతికింది. కానీ జులై చివరికి మేము పిలిస్తే మొహం మా వైపు తిప్పేది, ఇప్పుడు తిప్పడం లేదు. బెంగళూరులో మళ్లీ చూపించాం. మింగే పరీక్ష ఇప్పట్లో లేదన్నారు. మింగడం రావడానికి ఏళ్లు పట్టవచ్చట, ఎప్పటికీ రాకపోవచ్చట. ముక్కు గొట్టం తీసేసి, పొట్టకే చిన్న రంధ్రం పెట్టి అక్కడ గొట్టం అమర్చారు. ఇంక అన్నం అక్కడి నుంచే.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను ఇవ్వలేదన్నా. చెంచాతో ఇవ్వలేదు, గుడ్డతో ఇవ్వలేదు. ఒక్క చుక్క ఇవ్వలేదు. నువ్వు పంపిన కాయలు పక్కింటి పిల్లలకు వాకిట్లో పంచాను. రెండు నేనే తిన్నాను. తీయగా ఉన్నాయి. తర్వాత కూర్చుని నీకు రాశాను. వదిన పొయ్యి దగ్గర పడిపోయిందని రాశావు కదా, ఇంకోసారి లేవదని రాశావు. అందుకని రాశాను. పెదాలు చప్పరించింది అని మాత్రం ఎందుకు రాశానో నాకే తెలియదు. రాస్తుంటే నిజంగానే చప్పరించినట్టు అనిపించింది. ఆ మాట దగ్గర కాసేపు ఆగి చూసుకున్నాను కూడా.

నీ ఉత్తరం వచ్చేదాకా నా కొడుకు నన్ను కాపాడుతున్నాడని నాకు తెలియదు. వాడి చెంప మీద కొట్టిన చెయ్యి ఇది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నాగపూరు దారిలో ఉన్నాడని లారీ ఓనరు చెప్పాడు. జయంతి ఇంట్లో వాడి పేరు ఎత్తనీయదు. వాడి చొక్కాలు మూట కట్టి మంచం కిందికి తోసింది.

జయంతికి చెప్పాలి. ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. చెబితే నన్ను ఈ ఇంట్లో ఉండనిస్తుందా?

నారాయణమ్మ

*

యాడికి
25 సెప్టెంబరు 2024

నారాయణీ,

ఈ ఉత్తరంలో కథలు ఏమీ లేవు. మొదలుపెట్టబోతే సిగ్గేసింది.

నా మాట విను. జయంతికి చెప్పొద్దు. ఆ పిల్ల ఇప్పటికే మొగుణ్ణి వెళ్లగొట్టింది. నిన్ను కూడా పంపేస్తే ఆమె షాపుకు పోయిన పూట పాపను ఎవరు తిప్పుతారు? గళ్ల ఎవరు లాగుతారు? పొట్ట గొట్టం చుట్టూ ఎవరు శుభ్రం చేస్తారు? నీ కొడుకు మగవాడు, మోస్తున్నాడు, మోయనీ. కొన్నాళ్లకు జయంతి కోపం దానంతట అదే చల్లబడుతుంది. అప్పుడు చూద్దాం. పాప కోసమే చెబుతున్నాను.

ఇక్కడిదాకా రాసి మీ వదినకు చదివి వినిపించాను. ఆమె నా చేతిలోంచి చెంబు లాక్కుంది, నీళ్లు తాగుతున్నవాణ్ణి. తను చెప్పేది కూడా రాయమంటోంది. ఆమెకు అక్షరం రాదు, నేను వేరే ఏదైనా రాసినా తెలియదు. అయినా ఆమె చెప్పిందే రాస్తున్నాను.

"నారాయణమ్మా, మీ యన్న చెప్పొద్దంటాండాడు. నేను జెప్తాండా, చెప్పు. నా కడుపు కోసరం నువ్వు అబద్దం ఆడితివి, నీ కోసరం వాడు ఆడె. ఇంగ ఆ పిల్ల ఒగతే మిగిలింది నిజం తెలీకుండా. ఆయమ్మిని మన మద్దెన గుడ్డిదాన్ని జేసి కూసోబెడతామా? నేను మొక్కుకున్న నోరు ఇది, బిడ్డ నోట్లో పండు పడల్లని దేవున్తో బేరమాడిన నోరు. నన్ను గూడా తిట్టమని చెప్పు. నిన్ను పంపించేస్తే ఈడికి రా. నేను పోయి పాప కాడ ఉంటా, నా మోకాళ్లు ఎట్లన్నా పోనీ."

ఇంతే ఆమె చెప్పింది. నేను రాసినదీ, ఆమె చెప్పినదీ రెండూ ఒకే కవరులో వస్తున్నాయి. ఏది వినాలో నువ్వే తేల్చుకో.

అన్న

*

అనంతపురం
20 అక్టోబరు 2024

అన్నకూ వదినకూ,

చెప్పాను.

పాపను పక్కకు తిప్పుతున్నాం. నేను భుజం పట్టుకున్నాను, జయంతి నడుము పట్టుకుంది. అప్పుడైతే ఆమె చేతులు పనిలో ఉంటాయి, నా చేతులూ పనిలో ఉంటాయి అనుకుని చెప్పాను. ఉత్తరం, వదిన ఒకపొద్దు, ఓబిలేషు నోరు మూసుకున్నది, అంతా. జయంతి చేతులు ఆగాయి. పాప సగం తిరిగి అట్లాగే ఉంది. నేను, "నన్ను పొమ్మంటే పోతా తల్లీ, ఇంగొకరు దొరికే దాకా ఉండనీ" అన్నాను.

పాప నడుము వదలకుండానే అంది. "అందరం చూస్తాండంగనే మునిగింది అత్తా. నేను పక్కనే ఉంటి. ఈ ఇంట్లో ఎవురు ఎవుర్ని బయటికి పంపల్ల?"

తర్వాత పాపను పూర్తిగా తిప్పింది. వీపుకు పౌడరు వేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. రోజులు రోజులు మాట్లాడలేదు. నేను పెడితే తినింది, అంతే. నేను వెళ్లగొట్టిందనీ అనుకోలేదు, ఉండనిచ్చిందనీ అనుకోలేదు. పోయిన వారం నేను జావ వడగడుతుంటే వెనక నుంచి వచ్చి, "ఆయనకు నువ్వు ఫోన్ జెయ్యి. నా ఫోనైతే భయపడి ఎత్తడు. రమ్మను. పాప బరువు పెరుగుతాంది, మనిద్దరితో కాదు" అంది.

ఈసారి నా ఫోన్ ఎత్తాడు, మొన్న వచ్చాడు. మనిషి సగం అయ్యాడు. చెప్పులు చేతిలో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. గడప తొక్కొద్దన్న మాట వాడికి గుర్తుంది. నేను రా నాయనా అని పిలిచినా కదల్లేదు. జయంతి లోపలి నుంచి వచ్చింది. ఇద్దరూ చూసుకోలేదు.

"చేతులు కడుక్కో" అంది.

సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కున్నాడు. అన్నా, ఎంతసేపు కడిగాడనుకున్నావు! నీళ్లు అయిపోతాయిరా అనబోయి ఊరుకున్నాను. జయంతి పాపకు దిండ్లు ఎత్తు పెట్టి, పొట్ట గొట్టానికి జావ పోసే సిరంజి తగిలించి వాడి చేతికి ఇచ్చింది. "నాకొద్దు జయంతీ, నేను పొయ్యలేను" అన్నాడు. "పట్టుకో. పైకి పట్టుకో. తొయ్యొద్దు, దానికదే దిగుతాది" అంది. పట్టుకున్నాడు. ఆమె గిన్నెతో కొంచెం కొంచెం పోస్తుంటే జావ మట్టం దిగుతోంది. వాడు దాన్నే చూస్తున్నాడు, రెప్ప కొట్టకుండా. "నొప్పి చేస్తాదా?" అని అడిగాడు. "లేదు" అంది. ఇప్పుడు కూడా అవసరం ఉంటే తప్ప మాట్లాడుకోరు. వాడి చొక్కాల మూట ఇంకా మంచం కిందే ఉంది.

నా చెంపదెబ్బ సంగతి వాడు ఎత్తలేదు. నేను ఎత్తితే, "పోనీలేమ్మా" అన్నాడు.

వదినా, నువ్వు రెండు పూటలా తిను. ఈ మాట మాత్రం ఒట్టు పెట్టకుండా చెబుతున్నాను.

జావ అయిపోయాక ఓబిలేషు పాప నుదురు మీద చెయ్యి పెట్టాడు. పాప కళ్లు మూసుకుంది. నాయన చెయ్యి అని తెలిసి మూసుకుందో, ఊరికే నిద్ర వచ్చి మూసుకుందో నాకు తెలియదు. తెలిసినట్టు నీకు రాయను.

నారాయణమ్మ